మినప్పప్పు ఒకటి, ఎత్తు రెండడుగులు

మా శాఖ పేరు చెబితే చాలామంది నవ్వుతారు. నవ్వనివ్వండి, నాకు అలవాటైపోయింది. గోదాముల ఖాళీ పర్యవేక్షణ శాఖ. జిల్లాలోని గోదాముల్లో ఎంత సరుకు ఉందో చూడ్డానికి వేరే శాఖ ఉంది. ఎంత సరుకు లేదో చూసేది మేము. ఇద్దరి లెక్కలూ కలిపితే గోదాము నిండాలి. ఇప్పటివరకూ ఏ గోదామూ నిండలేదు గానీ, దానికి బాధ్యులు మేము కాదు, వాళ్లు.

ఆ శాఖలో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు గంటి భాస్కరం. మా సూపరింటెండెంటు ప్రభాకరలింగం గారు రిటైరవబోతున్నారు కాబట్టి ఆ కుర్చీ నాదేనని ఆఫీసంతా అనుకుంటోంది. నేనైతే ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

ఇలా ఉండగా మా డైరెక్టరు కొల్లూరి నిరంజనరావు గారిని ప్రభుత్వం శిక్షణకు పంపింది. ఎక్కడో కొండమీద ఖరీదైన హోటల్లో, తక్కువ వస్తువులతో బతకడం ఎలాగో నేర్పే శిక్షణ. మనిషి వెళ్లేటప్పుడు ఒక పెట్టెతో వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పెట్టె కూడా లేదు.

వచ్చిన రోజే గదిలోంచి బల్ల తీయించేశారు. మర్నాడు కుర్చీ. ఆ మర్నాడు చాపమీద కూర్చుని, తన ముందు ఒక్క ఫైలే ఉండాలన్నారు. లోపలున్న ఫైలు బయటికొస్తే గాని ఇంకో ఫైలు లోపలికి వెళ్లకూడదు. మొదట వెళ్లిన ఫైలు ఇంకా లోపలే ఉంది. దాంతో మిగతా మేమందరం ఖాళీ అయిపోయాం. డైరెక్టరు గారు మమ్మల్ని చూసి చాలా ముచ్చటపడ్డారు.

ఆ ముచ్చట చల్లారకముందే సిబ్బంది సమావేశం పెట్టారు.

"ఖాళీయే మన శాఖకు ఊపిరి," అన్నారు. "కానీ ఖాళీని కొలిచే ఉద్యోగి జీవితం మాత్రం కిక్కిరిసి ఉంది. ఎన్ని ఖాతాలు! ఎన్ని చీటీలు! ఎన్ని చెల్లింపులు! పాలవాడికొకసారి, గ్యాసుకొకసారి, కూరగాయలకు రోజూ! చిత్తశాంతి ఎక్కడినుంచి వస్తుంది? ఇకమీదట ప్రతి కుటుంబానికీ ఒకే ఖాతా, ఒకే పొదుపు, ఒకే అప్పు."

టైపిస్టు కరుణకుమారి గారు చెయ్యెత్తారు. "నాకు నాలుగు అప్పులున్నాయి సార్. ఏ మూడు వదిలేయమంటారు?"

డైరెక్టరు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "మీకు ఆనందం కలిగించనివి."

కరుణకుమారి గారు ఆ మధ్యాహ్నమే మూడు బ్యాంకులకు ఉత్తరాలు టైపు చేసుకున్నారు. ప్రభుత్వ ఆదేశానుసారం మీ అప్పును వదిలేయడమైనది, ఇంతకాలం సహకరించినందుకు కృతజ్ఞతలు అని. మూడు బ్యాంకుల వాళ్లూ ఒకేసారి ఆఫీసుకు వచ్చారు. కుర్చీలు లేవు కాబట్టి ఎక్కువసేపు ఉండలేకపోయారు.

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. లింగం గారు నిలబడి చదివారు.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, వచ్చే ఒకటో తారీఖు నుండి ప్రతి కుటుంబము నెలకు ఒకే ఒక చెల్లింపు చేయవలెను. సదరు చెల్లింపు తాలూకు బిల్లును శాఖకు సమర్పించవలెను. ఇండ్లలో డబ్బును ఒకటికి మించిన చోట్ల ఉంచరాదు. ఒకే పనికి రెండు వస్తువులు ఉన్నచో రెండవదానిని మిగులుగా పరిగణించి శాఖకు స్వాధీనపరచవలెను. ఎవరి ఆర్థిక జీవనము మిక్కిలి ఖాళీగా ఉండునో వారి పేరు సూపరింటెండెంటు పదవికి పరిశీలించబడును."

ఆఖరి వాక్యం దగ్గర అందరూ నావైపు చూశారు. నేను వినయంగా నేలకేసి చూశాను. నేలమీద కూడా ఏమీ లేదు.

ఇంటికెళ్లి వంటగది గుమ్మంలో నిలబడ్డాను. మా ఆవిడ మంగతాయారు అరమీద వరసగా డబ్బాలుంటాయి. పాల డబ్బా, గ్యాసు డబ్బా, ఫీజుల డబ్బా, పండగల డబ్బా, చుట్టాల డబ్బా. జీతం రాగానే ఎవరి వాటా వాళ్లకి పడిపోతుంది. నెలాఖరున గ్యాసు డబ్బా పాల డబ్బా దగ్గర చేబదులు తీసుకుంటే, అందులో ఓ కాగితం ముక్క పడుతుంది. పండగల డబ్బా జోలికి చుట్టాల డబ్బా వెళ్లడానికి వీల్లేదు. రిజర్వు బ్యాంకు లెక్కలు నాకు తెలియవు గానీ, ఈ అరమీద మాత్రం ఏనాడూ తప్పు దొర్లలేదు.

అన్నిటికంటే పైన ఒక గాజు సీసా. అది గ్రైండరు సీసా. తాయారుకి పిండి రుబ్బి అమ్మాలని కోరిక. మా వీధిలో పొద్దున్నే ఉద్యోగాలకి పరుగులు తీసే ఆడవాళ్లు బోలెడంతమంది, "పిండి మీరు రుబ్బండి అక్కా, మేం కొనుక్కుంటాం" అని ఎప్పటినుంచో అడుగుతున్నారు. మిక్సీలో రుబ్బి చూసింది. రెండు మిక్సీలు కాలిపోయాయి, ఇడ్లీలు మాత్రం మెత్తబడలేదు. అప్పటినుంచి చీర కొనుక్కోమంటే ఆ డబ్బు సీసాలో వేస్తుంది, సినిమాకి వెళ్దామంటే ఆ డబ్బూ సీసాలోనే వేస్తుంది. ఆ సీసా నిండుతుంటే ఆవిడ మొహం చూడాలి. నాకు జీతం పెరిగినప్పుడు కూడా నా మొహం అలా ఉండదు.

"తాయారూ, ఇవన్నీ ఒకే డబ్బాలో పొయ్యాలట," అన్నాను.

"ఎవరు పొయ్యమన్నారు?"

"డైరెక్టరు గారు."

"ఆయనింట్లో సరుకులు ఎవరు తెస్తారండీ?"

"వాళ్లావిడే అనుకుంటా."

"మరదే! ఆయనకేం తెలుస్తుంది చెప్పండి. పాల డబ్బులూ గ్రైండరు డబ్బులూ ఒకదాంట్లో పోస్తే, ఇరవయ్యో తారీఖుకల్లా గ్రైండర్ని పాలల్లో కలుపుకుని తాగేస్తాం."

"సూపరింటెండెంటు పోస్టు తాయారూ," అన్నాను. నా గొంతు నాకే జాలిగా వినిపించింది.

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి." రెండుసార్లు చదివింది. "ఇళ్లల్లో ఉంచకూడదన్నారు. అంతే కదా? కొట్లో ఉంచకూడదనలేదుగా?"

డబ్బాలన్నీ సంచిలో సర్దుకుని, సీసాని చీర కొంగులో చుట్టుకుని, వీధి చివర గ్రంథి వీర్రాజు గారి కిరాణా కొట్టుకి బయల్దేరింది. వెనకాల నేను.

వీర్రాజు గారు అంతా విని తల గోక్కున్నారు. "దానికేముందండీ అమ్మగారూ, ఉప్పు ప్యాకెట్లు అవతలికి జరిపి ఆ అరలో పెట్టించేయండి. పాలవాణ్ణీ, గ్యాసు వాణ్ణీ నా దగ్గరికే వచ్చి తీసుకెళ్లమందాం. మీరు ఒకటో తారీఖున జీతం మొత్తం నాకు కొట్టేయండి భాస్కరం గారూ. నెలంతా మీ జేబుకి పనిలేదు. ఆయ్."

అలా నా ఆర్థిక జీవనం ఖాళీ అయిపోయింది. నెలకు ఒకే చెల్లింపు, వీర్రాజు గారికి. ఆయన దాన్ని డబ్బాల్లోకి పంచుతారు, తాయారు పక్కన నిలబడి చూస్తుంది. పిల్లల ఫీజు, కరెంటు బిల్లు, డాక్టరు, ఆటో, అన్నీ వీర్రాజు గారే. జుట్టు కత్తిరించినవాడు కూడా నా మెడమీది తువ్వాలు దులిపి నేరుగా కొట్టుకి వెళ్లి తీసుకుంటాడు.

చిక్కల్లా బిల్లు దగ్గర వచ్చింది. ఒక చెల్లింపుకి ఒక బిల్లు కావాలి. వీర్రాజు గారి బిల్లు మిషన్లో పచారీ సరుకులు తప్ప ఏమీ లేవు.

"మంగలి పని కొడదామంటే మిషను ఒప్పుకోట్లేదండీ," అన్నారాయన. "శనగపిండి ఒప్పుకుంటుంది. కొట్టేయనా?"

కొట్టేశారు. స్కూలు ఫీజుకి పెసరపప్పు కొట్టారు, పిల్లలకి బలమని. డాక్టరుకి వాము కొట్టారు, రెండూ కడుపునొప్పికే కదా అని. ఆటోకి ఆవాలు ఎందుకు కొట్టారో చెప్పలేదు. ఎంత డబ్బు వెళ్తే అంత విలువకి సరిపడా కిలోలు పడతాయి. మొదటి నెల నా కుటుంబం యాభై కిలోల పెసరపప్పు వాడినట్టు తేలింది. నేను ఆ బిల్లుని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని ఆఫీసుకు వెళ్లాను.

డైరెక్టరు గారు అందులో కిలోలు చూడలేదు. చెల్లింపుల సంఖ్య చూశారు. ఒకటి. చాపమీంచి లేచి నన్ను కౌగిలించుకున్నారు. బిల్లుమీద 'సరిచూచితిని' అని స్వయంగా రాసి, సంతకం పెట్టి, రాజధానికి పంపించారు.

కౌగిలింత సంగతి ఆఫీసంతా పాకింది. మర్నాడు కరుణకుమారి గారు ఐదు డబ్బాలతో వీర్రాజు గారి కొట్టుముందు నిలబడ్డారు. ఆ తర్వాత అందరూ వచ్చారు. లింగం గారు రిటైరయ్యే మనిషై ఉండి కూడా, అలవాటు కొద్దీ ఒక డబ్బా పెట్టారు. ఉప్పు అర నిండింది. పప్పుల అర నిండింది. పప్పుల బస్తాలు వరండాలోకి, వరండాలోంచి వీర్రాజు గారి పడగ్గదిలోకి వెళ్లాయి. బెల్లం కోసం వచ్చినవాళ్లకి ఆయన చేతులు జోడించేవారు.

"బెల్లం పడగ్గదిలో ఉందండీ, మా ఆవిడ నిద్ర లేచాక ఇస్తాను. ఇక్కడైతే కరుణకుమారి గారి కరెంటు బిల్లు ఉంది."

మా శాఖ మొత్తం ఖాళీ అయిపోయి, ఆ కొట్టులో గాలి ఆడ్డానికి చోటు లేకుండా పోయింది. ఇంత అందమైన ఖాళీని రాష్ట్రంలో ఏ శాఖా సాధించలేదని రాజధాని నుంచి మెచ్చుకోలు వచ్చింది.

సరిగ్గా ఆ నెలలోనే మా గ్రైండరు సీసా నిండింది. వీర్రాజు గారు టౌన్లో కొని రిక్షాలో పంపించారు. ఎర్రగా, నిగనిగలాడుతూ, లోపల గుండ్రటి రాళ్లతో. తాయారు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మొదటి వాయి పిండి గిన్నెలో పొంగుతుంటే దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది. వీధిలో సగం ఇళ్ల గిన్నెలు మా గుమ్మంలో వరస కట్టాయి. నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

బిల్లు మాత్రం ఒక క్వింటాలు మినప్పప్పుకి పడింది. "గ్రైండరుకి దగ్గర చుట్టం అదే కదండీ," అన్నారు వీర్రాజు గారు.

దానిమీద కూడా డైరెక్టరు గారు 'సరిచూచితిని' అని రాసి రాజధానికి పంపించారు. పది రోజులు తిరక్కుండా రాజధాని నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి మెచ్చుకోలు కాదు. మీ శాఖ సిబ్బంది తలకు ఇన్ని కిలోల పెసరపప్పు, ఇంత వాము, ఒక ఇంట్లో అయితే ఏకంగా క్వింటాలు మినప్పప్పు కొనుచున్నారు. తినుచున్నారా, దాచుచున్నారా? వివరణ పంపవలెను.

డైరెక్టరు గారు నన్ను లోపలికి పిలిచారు. చాపమీద చోటు చూపించారు గానీ కూర్చోమనలేదు.

"భాస్కరం, క్వింటాలు మినప్పప్పు తిన్నావా?"

"లేదు సార్."

"అంటే దాచావు. దాస్తే అది గోదాము. గోదామైతే అది మన పరిధి." ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత పని దొరికిన కళ కనిపించింది. "రేపు ఉదయం మీ ఇంటి ఖాళీని శాఖాపరంగా తనిఖీ చేస్తాం. పప్పు కనబడితే అక్రమ నిల్వ. కనబడకపోతే తప్పుడు బిల్లు. నీ పదోన్నతి విషయం ఆ తర్వాత చూద్దాం."

ఇంటికొచ్చి గ్రైండరు చుట్టూ తిరిగాను. అది గ్రైండరని ఒప్పుకుంటే బిల్లు అబద్ధం, వీర్రాజు గారి కొట్టు మూత, ఆఫీసంతా రోడ్డుమీద. పైగా ఇంట్లో కొత్త మిక్సీ ఉంది కాబట్టి గ్రైండరు మిగులు వస్తువు, లారీలో ఎక్కించుకుని పోతారు. పప్పని చెబుదామా అంటే, పప్పు ఏదీ?

"పక్కింట్లో దాచేద్దాం తాయారూ," అన్నాను.

"నా డబ్బుతో కొనుక్కున్నాను, నేనెందుకు దాచాలండీ? దొంగసొమ్మా?" అంది. అంది గానీ, గ్రైండరు అంచుమీద చెయ్యి వేసి నిమురుతూ ఉండిపోయింది. రాత్రి సరిగా తినలేదు కూడా. అది చూసి నాకు సూపరింటెండెంటు కుర్చీమీద మొదటిసారి అసహ్యం పుట్టింది.

ఉదయాన్నే డైరెక్టరు గారు, ఆయన వెనక టేపు పట్టుకుని లింగం గారు దిగారు. మంచంకింద కొలిచారు. ఖాళీ. అటక కొలిచారు. ఖాళీ. బీరువా తెరిచారు. నా రెండు చొక్కాలు. డైరెక్టరు గారు బీరువాకి చేతులు జోడించారు.

"క్వింటాలు మినప్పప్పు కొన్న ఇంట్లో ఇంత ఖాళీయా! ఇది నా ఉద్యోగ జీవితంలోనే..." అంటూ వంటగదిలో అడుగుపెట్టి ఆగిపోయారు.

నట్టనడుమ గ్రైండరు. పక్కనే తాయారు, కొంగు నడుంకి దోపుకుని.

"ఇదేమిటి?"

నేను గ్రైండరుకి అడ్డంగా జరిగాను.

"మినప్పప్పండీ," అంది తాయారు.

డైరెక్టరు గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "అమ్మా, ఇది యంత్రంలా కనబడుతోంది."

"కనబడితే కనబడనివ్వండి. బిల్లులో ఏముందండీ?"

ఆయన జేబులోంచి నకలు తీసి చూశారు. "మినప్పప్పు."

"కింద ఎవరు సంతకం పెట్టారండీ?"

డైరెక్టరు గారు కిందికి చూశారు. 'సరిచూచితిని' అని ఆయన చేతిరాతే. ఆయన మొహంలో రంగు మారింది. ఇది మినప్పప్పు కాకపోతే, రాజధానికి వెళ్లిన పెసరపప్పులు పెసరపప్పులు కావు, వాము వాము కాదు, వచ్చిన మెచ్చుకోలు మెచ్చుకోలు కాదు. ఆయన నిస్సహాయంగా లింగం గారి వైపు తిరిగారు.

లింగం గారు టేపు చుట్టుకుంటూ గొంతు సవరించుకున్నారు. "సార్, నా సర్వీసంతా గోదాముల్లోనే గడిచింది. రికార్డులో ఏది ఉంటే గోదాములో అదే ఉంటుంది. గోదాములో ఉన్నదాన్ని చూసి రికార్డు మార్చిన సందర్భం మన శాఖలో లేదు."

పెనంమీద నూనె చిటపటమంది.

"రాసుకోండి," అన్నారు డైరెక్టరు గారు. "మినప్పప్పు, ఒకటి. ఎత్తు..."

లింగం గారు కొలిచారు. "రెండడుగులు సార్."

"ఎత్తు రెండడుగులు. రంగు ఎరుపు. మూత కలదు. కరెంటుతో నడుచును. నిల్వ అక్రమము కాదు, ఏలనన ఒకటే ఉన్నది." సంతకం పెట్టి, చెమట తుడుచుకున్నారు.

తాయారు గట్టిగా ఊపిరి వదిలి, ఇద్దరికీ పీటలు వేసి, దోసెలు వడ్డించింది. డైరెక్టరు గారు మొదటిది మొహమాటానికి తిన్నారు. రెండోది ఇష్టంగా తిన్నారు. మూడోదానికి ఆయనే ప్లేటు చాపారు. తిని, చెయ్యి కడుక్కుని, లింగం గారు వీధిలోకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"అమ్మా, మా ఇంట్లో మిక్సీ పిండేనమ్మా. దోసె చింపాలంటే రెండు చేతులూ కావాలి. ఇలాంటి మినప్పప్పు మాకు కూడా ఒకటి... మా ఆవిడకి తెలియకుండా తెచ్చి ఇద్దామని."

"మీరేం బెంగెట్టుకోకండి సార్," అంది తాయారు. "మేడమ్ గారు ఎప్పట్నుంచో దాస్తున్నారు. వీర్రాజు గారి కొట్లో, పై అరలో, చింతపండు పక్కన ఎర్రమూత డబ్బా ఆవిడదే. దసరాకల్లా నిండిపోద్ది."

డైరెక్టరు గారు గ్రైండరు మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ పెట్టేశారు. తర్వాత నవ్వారు. శిక్షణ నుంచి వచ్చాక ఆయన నవ్వడం నేను చూడలేదు, కొంచెం ఎక్కువ పళ్లే ఉన్నాయి.

లింగం గారు రిటైరయ్యారు, నాకు కుర్చీ వచ్చింది. కుర్చీలు లేవు కాబట్టి చాప ఇచ్చారు. సూపరింటెండెంటుగా నేను మొదట చదివి వినిపించిన ఉత్తర్వు ఇది. తాయారు దాని నకలు అడిగి తీసుకుని, గ్రైండరు వెనక గోడకి అంటించింది. వీధిలో పిండి కోసం వచ్చినవాళ్లందరూ చదువుకుంటుంటారు.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, ప్రతి కుటుంబము ఒక మినప్పప్పును, ఎత్తు రెండడుగులకు మించకుండ, ఉంచుకొనవచ్చును. సదరు మినప్పప్పును ఎట్టి పరిస్థితులలోను నానబెట్టరాదు."